రాజు కూర్చున్న చోటు

నాకు చదువు ఎవరూ చెప్పలేదు, నేనే నేర్చుకున్నాను. తప్పులుంటే తిట్టడానికి గురువు కూడా లేడు. నేను పోయాక నా పేరు మా ఇంట్లో తలుస్తారా అన్నదే అనుమానం. తవిటమ్మ పేరు మాత్రం ఊరూరా తలుస్తారు. నాకు కుళ్ళే. అయినా చెబుతాను, వినండి.

కొండలు ఇంకా చిన్నపిల్లలుగా ఉన్న రోజుల్లో, ఒక కోట గోడ పక్కన తవిటమ్మ పేలాలు వేయించుకుని బతికేది. ఆమె పొయ్యి దగ్గర పిల్లలు బిళ్ళంగోడు ఆడేవారు. ఆడినంతసేపూ కొట్టుకునేవారు.

తవిటమ్మ మూడు గులకరాళ్ళు తీసింది. "ఒరే, మొదటి రాయి పట్టినవాడు కట్టుబాటు చెప్పాలి. రెండో రాయి పట్టినవాడు దాని ప్రకారం ఆడించాలి. మూడో రాయి పట్టినవాడు తగువు తీర్చాలి. ఒకడు దారి తప్పితే మిగతా ఇద్దరూ ఆపాలి. ఒక పిడికిట్లో ఒక రాయే."

కొట్లాటలు ఆగాయి. నవ్వులు గోడ దాటి కోటలో పడ్డాయి.

రాజుకు కడుపు మండింది. కొలువులో అందరూ నవ్వేవారు, కానీ ఆయన నవ్వాకే. మొదటిరోజు కిటికీ మూయించాడు. రెండోరోజు చెవుల్లో దూది పెట్టుకున్నాడు. మూడోరోజు భటులతో వచ్చేశాడు.

"నేనూ ఆడతాను. మూడు రాళ్ళూ నాకే."

"తమ చిత్తం బాబూ," అంది తవిటమ్మ.

రాజే కట్టుబాటు చెప్పాడు, రాజే ఆడించాడు, రాజే తీర్పిచ్చాడు. ప్రతి ఆటా రాజే గెలిచాడు. పొద్దు వాలేసరికి పిల్లలంతా వీధి చివరికి పోయి నవ్వుకుంటున్నారు. రాజు చేతిలో మూడు రాళ్ళున్నాయి. ఎదురుగా ఎవరూ లేరు.

"రేపటికి నీ పొయ్యి ఇక్కడుండదు," అన్నాడు.

"పొయ్యి తీయిస్తే వాళ్ళు ఇంకోచోట నవ్వుతారు బాబూ. తమకు కావలసింది నా పొయ్యా, ఆటా?"

రాజు చాలాసేపు గొణిగి, "ఆటే," అన్నాడు.

"అయితే ఒక పిడికిట్లో ఒక రాయే."

పన్ను పీకించుకున్నట్టు రెండు రాళ్ళు ఇచ్చాడు. పిల్లలు మళ్ళీ వచ్చారు. రాజు బిళ్ళ కొట్టాడు. ఒక కుర్రాడు గాల్లోనే పట్టేశాడు. తగువు రాయి నూకాలు అనే చిన్నపిల్ల దగ్గరుంది. భటులు కత్తుల మీద చేతులు వేశారు.

నూకాలు ముక్కు తుడుచుకుంది. "పోయావు. కూర్చో."

రాజు కట్టుబాటు రాయి ఉన్నవాడి వైపు చూశాడు. "ఇప్పుడు మార్చలేను బాబూ. మారిస్తే వచ్చే ఆటకే," అన్నాడు వాడు.

రాజు తవిటమ్మ వైపు చూశాడు.

"నా చేతిలో అసలు రాయే లేదు బాబూ."

రాజు పొయ్యి పక్కన బూడిదలో కూర్చున్నాడు. పిల్లలు నవ్వారు. ఈసారి ఆయనా నవ్వాడు, అందరికంటే ఆఖర్న.

పొయ్యి అక్కడే ఉండిపోయింది. తవిటమ్మ మాత్రం ఒకనాడు పోయింది, అందరిలాగే. ఇప్పటికీ ఆ వైపు పిల్లలు ఆటకు ముందు ముగ్గురికి మూడు రాళ్ళిచ్చి, "తవిటమ్మ తోడు" అంటారు. ఓడి మొండికేసినవాడితో, "రాజే కూర్చున్నాడు, నువ్వెంత?" అంటారు.

మొన్న నాతోనూ అన్నారు. కూర్చున్నాను.