గోడ మీద అరుగు

అనగనగా ఒక ఊళ్ళో ఒక ఇరుకు సందు, ఆ సందులో వరహాలు ఇల్లు. గడప దాటి కాలు పెడితే వీధే. ఎదురిళ్ళ అరుగులు సగం వీధి తినేశాయేమో, బండి వస్తే ఇరుసు ఈవిడ గోడకి రాసుకుంటూ పోయేది. దారిన పోయేవాళ్ళు ఆ అరుగుల మీద కూర్చుని మంచినీళ్ళు అడిగేవారు, నాలుగు కబుర్లు చెప్పేవారు. వరహాలు ఇంటి ముందు ఒక్కరూ ఆగేవారు కాదు. మొగుడు పొద్దున్నే పొలం పోతే సాయంత్రం దాకా తనూ, అచ్చం నీ ఈడు కూతురు పైడీ, అంతే. ఆవిడకి అదే దిగులు.

సరే, అరుగు కట్టడానికి చోటు లేకపోతే గీస్తాను అనుకుంది. మొదటి రోజు గోడకి సున్నం కొట్టి, అడుగున ఎర్రటి జాజు పట్టీ దిద్దింది. మర్నాడు అరుగూ, రెండు స్తంభాలూ గీసింది. మూడో రోజు వాటి మధ్య ఒక తలుపు, పసుపు రాసిన గడప, మామిడి తోరణం. ఎంత ముద్దుగా వచ్చిందంటే, గాజులమ్మే సూరప్పడు నిజం అరుగే అనుకుని భుజాన ఉన్న గాజుల మలారం దాని మీద దించబోయాడు. గాజులన్నీ వీధిపాలు. తిట్టుకుంటూ ఏరుకున్నాడు పాపం. వరహాలు మాత్రం పొంగిపోయింది.

ఆ తర్వాత ఒక మిట్టమధ్యాహ్నం, వీధిలో కాకి కూడా లేదు. ఎవరో మంచినీళ్ళడిగారు. వరహాలు చెంబు పట్టుకుని వచ్చి చూస్తే, గీసిన అరుగు మీద ఒక ముసలమ్మ కూర్చుని ఉంది. బొమ్మ అరుగు మీద ఎవరైనా కూర్చోగలరా? కానీ కూర్చుంది. నీళ్ళు తాగింది, అరుగు చల్లగా ఉందంది. వరహాలుకి ఒళ్ళు జలదరించింది. అయినా చూడు, లోలోపల కాస్త సంతోషం కూడా వేసింది. తన ఇంటికీ ఒకరు వచ్చారు కదా.

మర్నాడు ఇద్దరు ముసలమ్మలొచ్చారు. ఆ మర్నాడు ముగ్గురు. అప్పుడు వరహాలు చెంబు నింపి తెచ్చేసరికి అరుగు ఖాళీగా ఉంది, గుమ్మంలో ఆడుకుంటున్న పైడీ లేదు. గీసిన తలుపు ఓరగా తెరిచి ఉంది. వరహాలు దాన్ని అలా తెరిచినట్టు గీయలేదు.

తోసి చూసింది. చేతికి గోడే తగిలింది. అప్పుడు గోడలోంచి పైడి గొంతు వినిపించింది.

"అమ్మా, ఇక్కడ పొయ్యి లేదు, చాప లేదు, ఏమీ లేదు. నువ్వు బయటే గీశావు."

సున్నం కొట్టి తలుపు చెరిపేద్దామంటే, పిల్ల లోపలే ఉండిపోతుంది. వరహాలు ఏడుస్తూ నిలబడింది. లోపల ముసలమ్మలు ఆకలి, ఆకలి అని గొణుగుతున్నారు. అది విన్నాక ఒక ఉపాయం తోచింది. ఇంట్లోకి పరుగెత్తి, నిజం తలుపు బార్లా తీసి, నాలుగు విస్తళ్ళు వేసి అన్నం వడ్డించింది. ఆ తర్వాత వీధిలోకి వచ్చి గోడతో చెప్పింది.

"వంట అయింది. పిల్లని తీసుకుని అందరూ భోజనానికి రండమ్మా."

పిలిస్తే రాకుండా ఉంటారా? ముగ్గురూ వచ్చారు, సున్నం రాలుతున్న చేతులతో పైడిని ముందు పెట్టుకుని. వరహాలు పిల్లని లాక్కుని గుండెకి హత్తుకుంది. పిల్ల ఒళ్ళు గోడలా చల్లగా ఉంది. ముసలమ్మలు కడుపునిండా తిన్నారు, చేతులు కడుక్కున్నారు, గడప దగ్గర ఆగారు.

"వెళ్ళొస్తామమ్మా."

"వెళ్ళి రండి," అంది వరహాలు.

అన్నాక నోటి మీద చెయ్యి వేసుకుంది. ఏం లాభం? వెళ్ళేవాళ్ళతో పుట్టిన దగ్గర్నుంచీ అంటున్న మాట, నోటికి అదే వచ్చింది.

ఆ సాయంత్రమే గోడంతా సున్నం కొట్టేసింది. అరుగు పోయింది, తలుపు పోయింది.

మర్నాడు మధ్యాహ్నం నిజం తలుపు మీద చప్పుడైంది. మూడుసార్లు, మెల్లిగా. వరహాలు పైడిని వెనక్కి పెట్టుకుంది. తర్వాత మూడు విస్తళ్ళు వేసి, వెళ్ళి గడియ తీసింది.

కథ నడిచింది కంచికి,
గడియ పడింది మన ఇంటికి,
నిద్ర రావాలి నా తల్లి కంటికి.