కోటవీధిలో అసిరి కూత

“మూడు దసరాలు నా జట్టును గెలిపించు. నాలుగో దసరా నాడు ఈ కోటవీధిలో మీ కాళ్ళు నడుస్తాయి.”

ఇది రాళ్ళకోట బాబు ఇచ్చిన మాట. ఎప్పటి మాట? కొండలకు పేర్లు పెట్టకముందు, ఏటికి గట్లు కట్టకముందు, మన తాతల తాతలు ఉయ్యాల దిగకముందు మాట. విన్నవాళ్ళు చెప్పారు, చెప్పినవాళ్ళు పోయారు, మాట మాత్రం మిగిలింది.

రాళ్ళకోటకు ఇవతల తోళ్ళపేట. అవతల ఏరు. నడుమ కోటవీధి. తోళ్ళపేటవాళ్ళు తోళ్ళు ఊనేవారు, అంటే గుంటల్లో నానబెట్టి పదును చేసేవారు, చెప్పులు కుట్టేవారు. కోటబాబు కాళ్ళకు జోడు కుట్టిందీ వాళ్ళే. ఆ జోడు కోటవీధిలో నడవవచ్చు. కుట్టినవాళ్ళు నడవకూడదు.

వీధిన పోతే ఏరు కూతవేటు దూరం. వీధి వాళ్ళది కాదు గనక కొండ చుట్టూ పోవాలి. పొద్దు పొడుపున ఆడవాళ్ళు కుండలెత్తుకుని వెళితే, తిరిగి వచ్చేసరికి నడినెత్తిన ఎండ. జ్వరమొచ్చినవాడు నీళ్ళు నీళ్ళు అంటూనే ఉండేవాడు. కొందరు నీళ్ళు వచ్చేదాకా ఆగారు. కొందరు ఆగలేదు. అసిరి తల్లి ఆగలేదు.

ఆ అసిరి కథే ఇది.

అసిరి పొడుగు కాడు. పరుగు రాదు. వచ్చిందొక్కటే, పట్టు. ఊనే గుంటలోంచి తడి తోలు లాగి లాగి అతని వేళ్ళు ఇనుప కొక్కేలయ్యాయి. దేన్నైనా పట్టాడంటే వదలడు.

చెడుగుడు ఆట మీకు తెలిసిందే. కూతగాడు గీత దాటి అవతలి బరిలోకి పోతాడు. ఊపిరి తీయకుండా చెడుగుడు చెడుగుడు అనాలి. కూత ఆగితే చచ్చినట్టు. అవతలివాణ్ణి ముట్టి, కూత ఆగకుండా తిరిగొచ్చి గీత తాకితే బతికినట్టు. అప్పుడు ముట్టుబడినవాడు చచ్చినట్టు. అంతేకాదు, మనలో అంతకుముందు చచ్చినవాడొకడు లేచి బరిలోకి వస్తాడు. ఎంత మంచి ఆట! బతుకులో లేని న్యాయం ఆ బరిలో ఉంది.

ఏటా దసరాకు ఏటి ఇసుకలో రాళ్ళకోట జట్టుకూ, ఏటవతలి కోట జట్టుకూ చెడుగుడు. ఏడేళ్ళుగా రాళ్ళకోటదే ఓటమి. మీసం దించుకుని తిరిగిన కోటబాబుకు అసిరి పట్టు సంగతి ఎవరో చెప్పారు. పిలిపించాడు. మాట ఇచ్చాడు. ఆ మాట అసిరి ఒక్కడే వినలేదు. పేటంతా విన్నది.

మొదటి దసరా. ఏటవతలి కూతగాడు గాలిలా వచ్చాడు. అసిరి చీలమండ పట్టాడు. కూతగాడు రెండో కాలితో ముఖం మీద తన్నాడు. ముక్కు విరిగింది. పట్టాడు, వదల్లేదు. రాళ్ళకోట గెలిచింది. దండ మాత్రం జట్టు నాయకుడైన బాబుగారి అల్లుడి మెడలో పడింది.

ఇంటికెళ్ళాక పెళ్ళాం సన్యాసమ్మ అతని ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది.

“ముక్కు ఏటివైపు తిరిగిపోయింది మావా. నీకంటే ముందు అదే నీళ్ళకెల్లేలాగుంది.”

“ఎల్లనీయే. ఇంకా రెండు.”

రెండో దసరా. మళ్ళీ కూతగాడు, మళ్ళీ చీలమండ. ఈసారి మోకాలు నోటి మీద పడింది. ముందు పళ్ళు నాలుగూ ఇసుకలో రాలాయి. పట్టాడు, వదల్లేదు. దండ అల్లుడి మెడలోనే పడింది.

“పోన్లే, ఇక ఇంట్లో చెరుకు గడంతా నాదే” అంది సన్యాసమ్మ, నెత్తురు తుడుస్తూ.

“పిప్పి నాకెట్టు” అన్నాడు అసిరి. “ఇంకా ఒకటి.”

మూడో దసరా. ఏటవతలివాళ్ళు తెలివి మీరారు. గెలుపుకోసం రాలేదు, అసిరికోసం వచ్చారు. చీలమండ పట్టగానే కూతగాడు ఒంటి బరువంతా అతని మోకాలి మీద వేశాడు. మోకాలు పెటిల్లున విరిగింది. ఏటి ఒడ్డున బట్టలుతుకుతున్నవాళ్ళకు కూడా వినబడింది. పట్టాడు, వదల్లేదు.

ఆ రోజు సన్యాసమ్మ వేళాకోళం ఆడలేదు. ఆముదపాకు వెచ్చజేసి మోకాలికి కట్టింది.

“ఇంకెన్నని సెప్పవేటి?”

“ఇంకేటీ లేదు. అయిపోయాయి” అన్నాడు అసిరి. నవ్వాడు. ఆ నవ్వు నిండా చిగుళ్ళే.

ఒక్క మాట చెప్పాలి. బరిలో అసిరిని ముట్టుకోవచ్చు, భుజం తట్టవచ్చు, మీద పడి గంతులేయవచ్చు. ఆట అయ్యాక జట్టంతా ఏట్లో మునిగి మైల కడుక్కునేది. అసిరి రక్తం కారుతున్న ముఖంతో కొండ చుట్టూ నడిచి ఇంటికి పోయేవాడు. మూడేళ్ళూ అంతే, మూడో ఏడు కర్ర ఊతంతో. చెమట కావాలి, మనిషి అక్కర్లేదు.

నాలుగో దసరా వచ్చింది. తోళ్ళపేట తెల్లారగట్లే లేచింది. ఆడవాళ్ళు కుండలెత్తుకున్నారు. ముసలివాళ్ళు కర్రలు పట్టుకున్నారు. అందరికంటే ముందు అసిరి, చంకలో కర్రతో. కోటవీధి మొగదలకు వచ్చి ఆగారు.

కోటబాబు తలస్నానం చేసి, పట్టుబట్ట కట్టి, కోట గుమ్మం ముందు కుర్చీలో కూర్చున్నాడు. నలుగురు బంట్లు చెరోవైపు ఇద్దరేసి నిలబడ్డారు.

“ఏమిట్రా ఈ సంత?” అన్నాడు బాబు.

“తమరి మాట బాబూ. మూడు దసరాలు అయ్యాయి.”

“అయితే నడువు. ఎవడొద్దన్నాడు?”

అసిరి వెనక్కి చూసి చెయ్యి ఊపాడు. పేట కదలబోయింది.

“ఆగండక్కడ!” బాబు గొంతు లేచింది. “నిన్ను నడవమన్నాను. వీళ్ళనెవరు రమ్మన్నారు?”

“మీ కాళ్ళు నడుస్తాయి అన్నారు బాబూ. మా అందరి కాళ్ళూ.”

బాబు మీసం కింద నవ్వాడు. “మీ అన్నాను. గౌరవించి అన్నాను. మూడేళ్ళు గెలిపించబోయేవాడివి, మీరు అనకూడదా? మీరు అంటే నువ్వొక్కడివే. అది మన్నన. ఊరందరికీ కాదు.”

బంట్లు కిసుక్కున నవ్వారు. గౌరవంతో కూడా గొంతు కోయవచ్చని పేటవాళ్ళకు అప్పటిదాకా తెలియదు.

సన్యాసమ్మ కుండ దించింది.

“బాబూ, ‘గెలిపించు’ అన్నారు. ‘గెలిపించండి’ అన్లేదు. ఒక్క నోట, ఒక్క ఊపిరిలో నా మొగుడు ముందు నువ్వయ్యాడు, ఆనక మీరయ్యాడా? మన్నన మాటమధ్యలో పుట్టిందా?”

బాబు ముఖం కందిపోయింది. “ఆడదానితో నాకు మాటలేమిటి? ఒరే అసిరీ, నడుస్తావా? పోతావా?”

అసిరికి తల్లి గుర్తొచ్చింది. ఎండిన నాలుక గుర్తొచ్చింది. ముక్కూ పళ్ళూ మోకాలూ ఒక్కసారే సలిపాయి. మూడేళ్ళు ఇతరుల కాళ్ళు పట్టుకున్నాడు. ఒక్కసారైనా కూతకు వెళ్ళలేదు.

“నడుస్తాను బాబూ.”

కర్రతో వీధి మొగదల అడ్డంగా గీత గీశాడు. కర్ర పారేశాడు. ఊపిరి నిండా పీల్చాడు. కూత మొదలెట్టాడు. ముందు పళ్ళు లేని నోట్లో చెడుగుడు ‘హెవుగువు హెవుగువు’ అయింది. బంట్లు పగలబడి నవ్వారు. అతను ఆగలేదు. విరిగిన కాలు ఈడ్చుకుంటూ, కూత మింగకుండా, సరాసరి కుర్చీ దగ్గరికి వస్తున్నాడు.

బాబుకు అప్పటికి అర్థమైంది. “పట్టండిరా వాణ్ణి!”

ఎవడు పడతాడు? నలుగురూ తలారా స్నానం చేసి ఆయుధపూజకు సిద్ధమైనవాళ్ళు. ముడితే మైల. ఒకడి ముఖం ఒకడు చూసుకున్నారు. బాబు పెట్టిన కట్టుబాటే బాబు బంట్ల చేతులు కట్టేసింది.

అసిరి వంగాడు. కోటబాబు కాలి బొటనవేలు ముట్టాడు. వెనక్కి తిరిగాడు.

హెవుగువు హెవుగువు. గీతకు ఇరవై అడుగులు. పది అడుగులు. అప్పుడు ఒక బంటు పొడుగాటి గుదియ ఎత్తి, చెయ్యి తగలకుండా, ఆ మోకాలి మీదే కొట్టాడు. అసిరి బోర్లా పడ్డాడు. కూత ఆగలేదు. మోచేతుల మీద పాకాడు. కూత సన్నబడింది. వేళ్ళు గీత మీద పడ్డాయి. కూత ఆగింది. ఊపిరీ ఆగింది. గీత తాకినందుకు ఆగిందా, ఆగాక వేళ్ళు తాకాయా, ఎవరికీ తెలియలేదు.

సన్యాసమ్మ అతని తల ఒళ్ళోకి తీసుకుంది. ముఖం మీది దుమ్ము తుడిచింది. మెల్లగా తల దించి నేల మీద పెట్టి లేచి నిలబడింది.

“చచ్చాడు! తీసుకుపొండి!” అరిచాడు బాబు.

“ఏ చావు బాబూ? ఆట మీకూ తెల్సు. నా మొగుడు గీత ముట్టి బతికాడంటారా? అయితే ముట్టుబడిన తమరు చచ్చారు. బరి వదిలి బయటికి నడవండి. గీత ముట్టకముందే చచ్చాడంటారా? అయితే ఆటలో చచ్చినోణ్ణి కూతకెళ్ళి ముట్టొచ్చి లేపుకోడం మాకొచ్చు. ఏదో ఒకటి సెప్పండి. చచ్చాడా? బతికాడా?”

ఏది చెప్పినా బాబుకు ఓటమే. కుర్చీ అక్కడే వదిలి లోపలికి పోయాడు. కోట తలుపు మూసుకుంది. గుదియ తగిలినా మైలేనని బంట్లు స్నానానికి పరుగెత్తారు.

సన్యాసమ్మ చీర బిగించింది. కూత పట్టింది. వీధంతా నడిచి కోట తలుపు చరిచి తిరిగొచ్చింది. ఆమె తర్వాత ఒక ముసలాయన వెళ్ళాడు. ఆ తర్వాత ఒకరిద్దరని లేదు, పేటంతా వెళ్ళింది. వెళ్ళినవాళ్ళు తిరిగి కొండవైపు పోలేదు. తిన్నగా ఏటికి దిగారు. అసిరిని ఏటి నీళ్ళతోనే కడిగారు.

అందుకే ఆ పక్కల ఇప్పటికీ దసరా చెడుగుడులో మొదటి కూత అసిరిది. పళ్ళున్నవాళ్ళు కూడా ఆ కూత ‘హెవుగువు’ అనే కూస్తారు. కూతకు వెళ్ళేవాడు కోటవీధిలో నడిచి, తలుపు చరిచి, “లే అసిరీ!” అని అరుస్తాడు. పెద్దింటివాళ్ళు ఎప్పుడూ లేనిది కూలివాణ్ణి మీరు అని పిలిస్తే, “ఇది కోటబాబు మీరా, మామూలు మీరా?” అని అడుగుతారు.

కోటబాబు పోయాడు. కొడుకులు పోయారు. మనవల మనవలున్నారు. వీధి మొగదల ఇప్పుడొక ఇనుప గొలుసు ఉంది. దసరా నాడు తీస్తారు, ఏకాదశి నాడు మళ్ళీ కడతారు. ఏడాదికొక రోజు నడవనిస్తే ఇచ్చిన మాట నిలబెట్టినట్టేనట! నేల నడిచేవాడిది. ఒక్కరోజుకు అరువిచ్చేందుకు అది ఎవడి సొత్తు?

అందుకే తోళ్ళపేటవాళ్ళు ఏటేటా ఆ కోట తలుపు మీద బొగ్గుతో రాస్తారు. కోటవాళ్ళు సున్నం కొడతారు. వీళ్ళు మళ్ళీ రాస్తారు. ఈ ఏడు రాసింది ఇది:

“గొలుసు ఎప్పుడు తెంచుతారు? అసిరి చచ్చాడా, బతికాడా? జవాబు చెప్పండి. గడువు, రాబోయే ఆశ్వయుజ శుద్ధ దశమి, పొద్దు గుంకేలోపు.”