ఎడంగా వేసిన విస్తరి

గుట్ట మీది దర్గాలో దాదాపీర్ మూడు రోజులుగా మండిపోతున్నాడు. కోపం ఎవరి మీదో కాదు, సొంత గురువు మీదే.

ఆ దర్గాలో ఎవరొచ్చినా నలుగురేసి ఒకే రాగి తాంబాళం చుట్టూ కూర్చుని తినాలి. తరతరాల ఆచారం. వెనకటికి ఒక జమీందారు వేరే పళ్లెం అడిగితే లేదన్నారు. ఆయన ఆకలితోనే గుట్ట దిగాడట. దారిలో చెప్పు కూడా తెగిందంటారు గానీ అది ఎవరో తర్వాత కలిపిన మాటలా ఉంది.

అలాంటి చోట, ఎనిమిదేళ్ల నసీమాకు వరండా చివర విడిగా విస్తరి వేయమన్నారు గురువు హజ్రత్.

పట్నం ఆసుపత్రిలో చూపించుకోవడానికి వచ్చి ఇద్దరు పిల్లలు దర్గాలో దిగారు. నసీమా ఒకతె, ఓబులేసు ఒకడు. ఇద్దరిదీ పుట్టుకతో వచ్చిన ఒకే జబ్బు, సిస్టిక్ ఫైబ్రోసిస్. ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా పట్టేస్తుంది.

"మనల్ని ఏమీ చేయని క్రిములు వీళ్ల ఊపిరితిత్తుల్లో తిష్ఠ వేస్తాయి" అని డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. "ఒకరివి ఇంకొకరికి అంటితే ఇక వదలకపోవచ్చు. ఈ ఇద్దర్నీ ఒకచోట చేరనివ్వకండి. జలుబున్నవాళ్లు దూరంగా ఉండండి, మిగతావాళ్లు చేతులు కడుక్కుని దగ్గరికి రండి."

నాలుగో రోజు దాదాపీర్ ఉండబట్టలేకపోయాడు. గడప దగ్గర నిలబడి కేకేశాడు.

"నసీమా! లోపలికి రా తల్లీ. అందరితో కూర్చుందువు గాని."

పిల్ల సంబరంగా లేచింది. లోపల తాంబాళం దగ్గర ఓబులేసు పక్కకు జరిగి చోటిచ్చాడు.

హజ్రత్ డెబ్బై ఏళ్ల మనిషి. ఆయన అంత వేగంగా లేవడం ఎవరూ చూడలేదు. వెళ్లి గడపకు అడ్డంగా నిలబడ్డారు.

"అక్కడే ఉండమ్మా. నేనే వస్తున్నా."

దాదాపీర్ ఎదురు నిలిచాడు. "ఇది వెలి కాదా హజ్రత్? జమీందారుకే వేయని వేరు విస్తరి ఈ పసిదానికా? ఏ పాపం చేసిందని?"

హజ్రత్ నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లారు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్నారు. ఇంకో విస్తరి తీసుకుని నసీమా పక్కనే చతికిలబడ్డారు.

"తాతా, నువ్వు మరీ నిదానం. నా అన్నం అయిపోవచ్చింది" అంది నసీమా.

"పళ్లు లేనివాడితో పందెమా? సిగ్గులేదూ నీకు?"

పిల్ల నవ్వింది. నవ్వు దగ్గులోకి తిరిగింది. దగ్గు ఆగేదాకా హజ్రత్ వీపు నిమురుతూ కూర్చున్నారు. తర్వాత తలెత్తారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మూడు రోజులూ దీనికి అన్నం పెట్టిందెవరు?"

"నేనే హజ్రత్."

"ఎలా పెట్టావు?"

దాదాపీర్ గడప వైపు చూశాడు.

"నేను చెప్పనా? గడప ఇవతల పెట్టి, కాలితో ముందుకు నెట్టావు. ఒక్క పూటైనా దీని పక్కన కూర్చున్నావా? ఆ పిల్లాడికీ దీనికీ మధ్య ఎడం డాక్టరమ్మ పెట్టింది, ఇద్దరూ బతకాలని. నీకూ దీనికీ మధ్య ఎడం ఎవరు పెట్టారయ్యా?"

దాదాపీర్ చాలాసేపు చేతులు కడుక్కున్నాడు. విస్తరి పట్టుకుని వచ్చి, కూర్చోవాలో వద్దో తెలియక నిలబడ్డాడు.

నసీమా అతణ్ణి కిందినుంచి పైకి చూసింది.

"కూర్చో చాచా. నీకు జలుబేమీ లేదు కదా?"