జెబులన్ ముక్క

అనగనగా అంటాను, మీరు ఊఁ కొట్టాలి మరి. మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, అమెరికాలో మూడు దారులు కలిసే చోట ఒక ఊరుండేది. ఒక దారిన కరొలైనా వాళ్లొచ్చారు. ఒక దారిన టెక్సస్ వాళ్లొచ్చారు. ఒక దారిన కాన్సస్ వాళ్లొచ్చారు. అందరూ మంచివాళ్లే, మాంసం మాటెత్తనంత వరకూ.

మాంసం కాలుతుంటే కారం కలిపిన వెనిగర్ పొయ్యాలని కరొలైనా వాళ్లు. ఉప్పూ మిరియాలూ చాలని టెక్సస్ వాళ్లు. బెల్లప్పాకంలో టమాటా కలిపి చిక్కగా పుయ్యాలని కాన్సస్ వాళ్లు. ఏటా ఎండాకాలంలో ఊరంతా కలిసి ఒక పందిని కాల్చుకుని విందు చేసుకునేది. ఏటా విందు కొట్లాటతో ముగిసేది. తిండి కోసం జుట్టూ జుట్టూ పట్టుకోవడమేమిటని నవ్వకండి. పప్పులో ఇంగువా, వెల్లుల్లా అని మన ఇళ్లల్లో జరిగేవి నేను చూడలేదా?

ఆ పందిని కాల్చేవాడు జెబులన్ అనే ముసలివాడు. పొలం లేదు, పిల్లలు లేరు. నిప్పుల గొయ్యి, పక్కన ఒక గుడిసె, అంతే. పొద్దున్నే గోతిలో నిప్పులు పోసి, పైన పందిని పెట్టి, రేకు మూత మూసేవాడు. సాయంత్రం దాకా సెగ పెరగనిచ్చేవాడు కాదు, తగ్గనిచ్చేవాడు కాదు. అందరూ తిన్నాక మిగిలిన ఎముకలు గీక్కుని తినేవాడు. పేరు పెట్టి పిలిచినవాళ్లే లేరు. "గోతి తాతా" అనేవారు.

ఒక ఏడు ఊరిపెద్దకి విసుగొచ్చింది.

"తాతా, ఈసారీ గొడవైతే ఈ గొయ్యి పూడ్పించేస్తాను. నువ్వు ఇంకో ఊరు చూసుకో" అన్నాడు.

పాపం, ముసలివాడు. ఆ వయసులో ఏ ఊరు పోతాడు?

విందు రోజు జెబులన్ మూడుసార్లు కట్టెలకి వెళ్లాడు. మొదటిసారి వెళ్లినప్పుడు కరొలైనా ప్రుడెన్స్ చప్పుడు చెయ్యకుండా వచ్చి, మూత ఎత్తి, చెంబెడు వెనిగర్ పోసింది. రెండోసారి టెక్సస్ హిరామ్ చప్పుడు చెయ్యకుండా వచ్చి, మూత ఎత్తి, దోసెడు మిరియాల పొడి చల్లాడు. మూడోసారి కాన్సస్ ఆగస్ట్ చప్పుడు చెయ్యకుండా వచ్చి, మూత ఎత్తి, కుండెడు బెల్లప్పాకం పూశాడు. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. సెగ పోతుందని జెబులన్ మధ్యలో మూత తియ్యడు, కాబట్టి ఆయనకీ తెలీదు.

నిప్పుల మీద బెల్లం ఊరుకుంటుందా? సాయంత్రం మూత తీసేసరికి తోలంతా మాడి బొగ్గయింది.

"ముసలాడికి చేతకాకుండా పోయింది!" అని ఊరంతా కేకలు. అందరికన్నా గట్టిగా అరిచింది ఆ ముగ్గురే. ఊరిపెద్ద పార తెమ్మన్నాడు.

జెబులన్ వంగి వాసన చూశాడు. వెనిగర్, మిరియాలు, బెల్లం. ఎవరి పనో తెలిసిపోయింది. చెప్తే తన మీద నింద పోతుంది, కానీ కొట్లాట మొదలవుతుంది. చెప్పలేదు.

"ఒక్క గడియ ఆగండయ్యా" అన్నాడు.

మాడిన తోలు ఒలిచేశాడు. పొద్దుటి నుంచి సన్న సెగ మీద మగ్గిన మాంసం లోపల వెన్నలా ఉంది. చేత్తో విడదీసి కాస్త ఉప్పు చల్లాడు. వెనిగర్, మిరియాలు, పాకం మూడు గిన్నెల్లో పోసి పక్కన పెట్టాడు.

"ముందు ఒక్క ముక్క వట్టిది తినండి. తర్వాత ఎవరి గిన్నె వాళ్లది."

మొదటి ముక్క తిన్నారు. గిన్నెల వైపు ఎవరూ చెయ్యి చాపలేదు. రెండో ముక్కా వట్టిదే తిన్నారు. మూడో ముక్క దగ్గర హిరామ్ తల వంచుకున్నాడు.

"మిరియాలు నేనే చల్లాను తాతా."

"బెల్లం నాది" అన్నాడు ఆగస్ట్.

ప్రుడెన్స్ కళ్లనీళ్లు పెట్టుకుంది. "వెనిగర్ నేనే పోశాను. నీకు తెలుసా తాతా?"

"తెలుసమ్మా."

"తెలిసే మాటలు పడ్డావా! అసలు నువ్వు తిన్నావా?"

ముసలివాడు తల అడ్డంగా ఊపాడు. ఇన్నేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. ప్రుడెన్స్ ఆయన పేరడిగి, కుర్చీ లాగి, కంచం నింపి చేతికిచ్చింది. ఎంత మంచి మనిషండీ ఆయన! ఆ పూట ఊరంతా నిలబడి ఉంటే జెబులన్ కూర్చుని తిన్నాడు.

గొయ్యి పూడ్చలేదు. జెబులన్ పోయాక కూడా పూడ్చలేదు. ఇప్పటికీ ఆ ఊళ్లో ఎండాకాలం విందులో సాసులు పక్కన గిన్నెల్లోనే ఉంటాయి. మొదటి ముక్క వట్టిదే తింటారు. దాన్ని జెబులన్ ముక్క అంటారు. ఆ ముక్క ముట్టే ముందు, పొద్దుటి నుంచి పొగలో నిలబడ్డ మనిషికి కుర్చీ వేసి, "ముందు నువ్వు తిను" అంటారు. ఆ మనిషి తినేదాకా, ఎంత గొప్ప చుట్టమైనా నిలబడాల్సిందే.