చేయి చాచిన మచ్చమ్మ తల్లి

మన్యం కొండల మీది నుంచి దిగివచ్చే ఘాట్ రోడ్డు చదునునేలను తాకే చోట మచ్చుపేట ఉంది. బస్సు దిగిన భక్తులు గుడికి దారి ఎవరినీ అడగనక్కరలేదు. ముందుగా వేగుతున్న శనగల వాసన వస్తుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే ఇత్తడి కొట్లలో గిన్నెలను వేలితో కొట్టి చూసే చప్పుడు వినిపిస్తుంది. తరువాత పసుపు రాశులు, అరటాకుల మీద పరిచిన కొత్త బెల్లం కనబడతాయి. ఆ కొట్ల వరుసలోనే, రెండు దుకాణాల నడుమ, ఒక దుకాణమంత వెడల్పులో అమ్మవారి ఆలయం ఉంది. గోపురం లేదు. తలుపులు కూడా కొట్టుకుండే పలకల తలుపులే. కొత్తగా వచ్చినవారు ఇదీ ఒక కొట్టే అనుకుని లోపలికి తొంగిచూసి ధర అడిగిన సందర్భాలున్నాయి. అందుకు అమ్మవారు ఏమీ అనుకోదు.

గర్భాలయంలోని తల్లి నడుమెత్తు నల్లరాయి. కుడిచేయి ముందుకు చాచి, అరచేయి పైకి తిప్పి, వేళ్ళు కొంచెం ముడిచి నిలబడి ఉంటుంది. దీన్ని వరమిచ్చే చేయి అని చాలామంది పొరబడుతుంటారు. వరమిచ్చే చేతి వేళ్ళు కిందికి వాలి ఉంటాయి. ఈ తల్లి ఇవ్వడం లేదు, అడుగుతోంది. ఏమి అడుగుతోందో చెప్పడానికే మేము ఈ చిన్న పుస్తకం అచ్చువేయించాము.

పేరు సంగతి కూడా ఇక్కడే తేల్చేస్తే మంచిది. అమ్మవారి బుగ్గ మీద మచ్చ ఉంది కనుక మచ్చమ్మ అయిందని పక్క ఊరివారు చెబుతుంటారు. బుగ్గ మీద ఉన్నది దీపం మసి. అభిషేకం రోజున వచ్చి చూస్తే అది కడిగితే పోవడం వారికే కనబడుతుంది. కొనబోయేవారి చేతిలో ముందుగా పెట్టే చిటికెడు సరుకును మచ్చు అంటారు. ఆ మచ్చు అడిగిన తల్లి కనుక మచ్చమ్మ.

పూర్వం ఇక్కడ ఊరు లేదు, సంత మాత్రమే ఉండేది. కొండల మీది నుంచి చింతపండు, పసుపు, తేనె దిగేవి. పల్లం నుంచి బెల్లం, నూనె, ఉప్పు ఎక్కేవి. ఈ సంతలో భూలోకం శెట్టి అనే వర్తకుని కొట్టు పేరుమోసినది. తాతల నాటి కొట్టు. సరుకు మంచిది, తూకం మంచిది, ఆయన మాత్రం కొంచెం కోపిష్టి. వచ్చినవారు బెల్లం గిల్లి నోట్లో వేసుకోవడం, నూనె చేతికి రాసుకుని ముక్కు దగ్గర పెట్టుకోవడం ఆయనకు గిట్టేది కాదు. ఆయన పిసినారి కాదు. చిటికెడు బెల్లం పోయిందన్న బాధ ఆయనకు ఏ కోశానా లేదు. భూలోకం కొట్టు సరుకు అని తెలిసి కూడా నోట్లో వేసుకుని చూడటమంటే తనను అనుమానించడమేనని ఆయన రోషం.

ఒకనాడు సంత పక్కన పారే గెడ్డ ఒడ్డున మట్టి కప్పుకుని పడి ఉన్న పొడవాటి రాయిని తెప్పించి కొట్టు గుమ్మం ముందు పాతించాడు. ఆ రాతికి కొబ్బరితాడు కట్టి, రెండో కొసను గోడకు బిగించాడు. బస్తాల మూతులు కుట్టించాడు, కుండల మీద మూతలు పెట్టించాడు. బెల్లం దిమ్మలను మాత్రం కంటికి కనబడేలా వెనక వరసలో పేర్పించాడు. వచ్చినవారికి ఒకటే మాట చెప్పేవాడు.

"కళ్ళతోటి సూడండి. ధర సెప్తాను, సెవులతోటి ఇనండి. కావాలంటే అట్టుకెళ్ళండి. సరుకు మీద సెయ్యి మాత్రం ఎయ్యకండి."

పేరున్న కొట్టు కనుక జనం గొణుక్కుంటూనే కొన్నారు. ఆయనను చూసి మిగతా వర్తకులూ తాళ్ళు కట్టారు. అలా ఉండగా ఒక సంతనాడు, నుదుట పెద్ద బొట్టు, చంకన ఖాళీ గంప ఉన్న ఒక ఆడమనిషి వచ్చి తాడు మీదుగా చేయి చాచింది.

"బెల్లం మచ్చు ఎట్టు, నాయనా."

"మచ్చు నేదమ్మా. నా సరుకు మంచిదని సంతంతటికీ తెలుసు."

"సంతకి తెలుసు. నాకు తెలవొద్దా?"

"కళ్ళున్నాయి గదా, సూసుకో. సెవులున్నాయి, ధర ఇనుకో. ఇంకేటి గావాల?"

"కళ్ళూ సెవులూ సాలంటావు."

"సాలు."

"అయితే నీకూ అవే సాల్లే," అని ఆమె గంప సవరించుకుని వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నం శెట్టి అన్నంలో చేయి పెడితే వేడి తెలియలేదు. ముద్ద నోట్లో పెడితే పులుసుకు పులుపు లేదు. కొట్టుకు వచ్చి నువ్వుల నూనె కుండ మూత తీసి వాసన చూస్తే నీళ్ళ కుండకూ దానికీ తేడా కనబడలేదు. పసుపు వేళ్ళ మధ్య నలిపితే అది మెత్తనిదో బరకదో వేళ్ళు చెప్పలేదు. కళ్ళూ చెవులూ మాత్రం శుభ్రంగా పనిచేస్తున్నాయి. రుచి, వాసన, స్పర్శ పోయాయని పైకి పొక్కితే రైతులు ఏ సరుకైనా అంటగడతారు, కొనేవారు గుమ్మం తొక్కరు, తాతల నాటి పేరు మట్టిలో కలుస్తుంది. అందుకని ఆయన ఎవరితోనూ కిమ్మనలేదు.

కంటితో చూసి సరుకు కొనడం మొదలుపెట్టాడు. చవుడు నేలలో పండిన చెరుకు బెల్లం చూడటానికి బంగారంలా ఉంటుంది, నోట్లో వేసుకుంటేనే ఉప్పు తెలుస్తుంది. ఆ బెల్లం బస్తాలకు బస్తాలు కొట్టులోకి వచ్చింది. మక్కి కంపెక్కిన నూనె పైకి తేటగా ఉందని కొన్నాడు. మూతలు వేసి అమ్మాడు. పెళ్ళివారి అరిసెలు ఉప్పగా వచ్చాయి, పథ్యపు కూరలు కంపుకొట్టాయి. ఒక్కరొక్కరుగా జనం తగ్గారు. సంతనాడు కూడా కొట్టు వెలవెలబోసాగింది.

శెట్టి కోడలు తవిటమ్మ. ముందు పుట్టినవారు దక్కలేదని, పుట్టగానే తవుడుకు అమ్మినట్టు చేసి ఆ పేరు పెట్టారు. ఒకనాడు ఆమె పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయింది. పెనిమిటి కంచం పక్కకు నెట్టాడు. మామగారు మాత్రం శుభ్రంగా తిని లేచారు. ఆమెకు అనుమానం వచ్చింది. మర్నాడు చేదు ఆనపకాయ అని తెలిసి తెలిసి కూర వండి ఆయన ఒక్కరికే వడ్డించింది. ఆయన తిని, "బాగుందమ్మా" అన్నాడు.

తవిటమ్మ పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, అది ఇసం లాటి సేదు. ఏటయ్యిందో సెప్పండి."

శెట్టి కంచంలోనే చేయి కడిగేసుకున్నాడు. ఆ తరువాత, "నా నాలిక సచ్చిపోయిందమ్మా," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. అన్ని నెలలు ఒంటరిగా మోసిన భయం అది. గంప ఆమె వచ్చిన సంగతి, ఆమె అన్న మాట అప్పుడే మొదటిసారి పైకి చెప్పాడు.

వచ్చినది మామూలు మనిషి కాదని ఇద్దరికీ అర్థమైంది. శెట్టి ఉన్నవాటిలో పెద్ద కుండలు ఏరి, బెల్లం, నెయ్యి, తేనె నింపించి గుమ్మం ముందు నైవేద్యంగా పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది, ప్రతి కుండకూ మూత పెట్టి గుడ్డ బిగించి కట్టాడు. మొక్కుకుని అరుగు మీద నడుం వాల్చగానే కునుకు పట్టింది. కలలో ఆ తల్లే వచ్చి కుండల వంక చూసి మొహం చిట్లించింది.

"మూతెట్టిన కుండలు నాకే అమ్ముతావేటి, భూలోకం?"

"తల్లీ, నా రుసి నాకిచ్చెయ్యి."

"నా కాడ నేదురా. నీ కొట్టుకొచ్చినోళ్ళ నోళ్ళలోన ఎట్టేసినాను. ఆళ్ళనడిగి తెలుసుకో. ముందు నన్ను తీసి నిలబెట్టు. తలకిందులుగా పాతి తాడు కట్టినావు."

శెట్టి లేచి, కోడలిని పిలిచి, గుమ్మం ముందు రాయిని తవ్వించాడు. భూమిలో ఉన్నది మొదలు కాదు, అమ్మవారి ముఖం. మట్టి దులిపితే చాచిన చేయి బయటపడింది. ఈనాడు మనం చూసే విగ్రహం అదే, నిలబెట్టిన చోటు కూడా అదే.

అయినా శెట్టికి ఒక చిక్కు మిగిలింది. సరుకు ఎలా ఉందో తాను ఇంకొకరిని అడగాలా? తాతల పేరు ఏమైపోవాలి? "సూడొద్దని నేనెవరినీ అనలేదు గదమ్మా, సూసి కొనమనే గదా అన్నాను," అని కోడలితో గింజుకున్నాడు.

తవిటమ్మ నవ్వింది. "సూడమన్నారు, బాగానే ఉంది. వాసన సూత్తాం, రుసి సూత్తాం, పట్టి సూత్తాం, కొట్టి సూత్తాం. అన్నీ సూడ్డమే గదా మావయ్యా. మీరు కళ్ళకొక్కటే వొదిలి మిగతా సూపులన్నీ కట్టేసినారు."

పై సంతకు శెట్టి గోడకు మిగిలిన తాడు కూడా విప్పించాడు, బస్తాల కుట్లు ఊడదీయించాడు, కుండల మూతలు తీయించాడు. వాసన వీధి చివరిదాకా పోయింది. ముందుగా వచ్చినది అరిసెలు పాడైన పెళ్ళింటి ముసలమ్మ. శెట్టి ఆమె చేతిలో బెల్లం మచ్చు పెట్టి, "ఎలగుందమ్మా?" అని అడిగాడు.

పెద్దమనిషిని నలుగురిలో చిన్నబుచ్చడం ఎందుకని ఆమె, "బాగుంది సావుకారూ," అంది.

శెట్టి రెండు చేతులూ జోడించాడు. "మరియాదకి సెప్పకమ్మా. నాకు తెలీదు. నా నోటికి రుసి నేదు, ముక్కుకి వాసన నేదు. నువ్వు సెప్తేనే నాకు తెలుస్తాది."

సంత అంతా ఆ మాట విన్నది. ఏ మాట పైకి పొక్కితే కొట్టు మూతపడుతుందని ఆయన వణికిపోయాడో ఆ మాటను తన నోటితో తానే చెప్పేశాడు. ముసలమ్మ ఇంకొక చిటికెడు నోట్లో వేసుకుని, ఈసారి కళ్ళు మూసుకుని చప్పరించింది.

"ఉప్పుంది. ఈ వరసలోదంతా తీసి అవతల పారెయ్యి. ఆ పక్క దిమ్మ ఇలా తే."

అంతే, జనం తాడు లేని గుమ్మం దాటి లోపలికి వచ్చేశారు. ఒకరు నూనె చేతికి రాసుకుని మక్కిన కుండలు ఏరారు. ఒకరు పసుపు నలిపి చూశారు. ఒకరు కొబ్బరికాయలు చెవి దగ్గర ఆడించి చూశారు. పొద్దువాలేసరికి పాడు సరుకు గెడ్డ పాలైంది. మిగిలిన మంచి సరుకును ఎంచినవాళ్ళే కొనుక్కుపోయారు. తమ చేతులతో ఎంచిన సరుకు కనుక ఆ కొట్టు వారికి తమ కొట్టే అయిపోయింది. చూసి మిగతా వర్తకులు కూడా తాళ్ళు విప్పారు, మూతలు తీశారు. సంత పెరిగి పేట అయింది.

భూలోకం శెట్టికి రుచి తిరిగి వచ్చిందని రాస్తే బాగుంటుందని మా ఆలయ కమిటీలోనే ఒకరిద్దరు అన్నారు. రాలేదు. ఆయన ముసలితనం దాకా మచ్చు పెట్టి, తినేవారి ముఖం చూస్తూ, చెప్పింది విని, బెల్లం తీపి తెలుసుకున్నాడు. మళ్ళీ తల్లికి మొక్కుకోమని తవిటమ్మ అంటే, "ఇన్ని నోళ్ళు నాకోసం రుసి సూస్తంటే, నా నోరెందుకమ్మా," అన్నాడట.

ఈనాటికీ మచ్చుపేటలో మచ్చు చూపించకుండా ఎవరూ ఏమీ అమ్మరు. చీరల కొట్టులో మడత విప్పి చెంపకు ఆనించి చూసుకోమంటారు. ఈమధ్య అద్దాల తలుపులతో, అన్నీ కవర్లలో కట్టి సూపర్ మార్కెట్టు తెరిచినవారు కూడా, కొద్దిరోజులు ఈగలు తోలుకున్నాక, గుమ్మంలో మచ్చు పళ్ళెం పెట్టుకున్నారు. కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారు మొదటి మచ్చు తల్లి అరచేతిలో ఉంచితే కొట్టు కళకళలాడుతుంది. జ్వరం పడి నోరు చేదెక్కినవారు తల్లి చేతిలోని బెల్లం తింటే అన్నం హితవవుతుంది.

గుడి అర్చకత్వం శెట్టి వంశంవారిదే. అర్చకత్వంలో ఉన్నన్నాళ్ళూ ఇక్కడి నైవేద్యం నోట పెట్టకూడదని వారికి నియమం. ప్రసాదం ముందుగా మీ అరచేతిలో చిటికెడే పెట్టి, "ఎలా ఉంది?" అని అడుగుతారు. చాలామంది భక్తులు కళ్ళకద్దుకుని, అమృతమండీ అనేసి వెళ్ళిపోతున్నారు. దయచేసి అలా చేయకండి. పులుపు ఎక్కువైతే ఎక్కువైందని, ఉప్పు చాలకపోతే చాలలేదని చెప్పండి. అర్చకులు మర్యాదకు అడగడం లేదు. ఆయనకు నిజంగా తెలియదు.