కోడిపెట్ట అడగని పేరు

మా నాయనమ్మ తులసికోటకు నీళ్లు పోసి వచ్చి చెప్పేదీ కథ. చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, కోడిపెట్ట వింటే నొచ్చుకుంటుందన్నట్టు.

ఒక కళ్లంలో కోడిపెట్ట పిల్లలతో ఉండేది. పక్కనే కట్టుగొయ్య దగ్గర ముసలి ఎద్దు. దాని వీపు మీద వాలి ఉండేవాడు పసులపోలిగాడు. నల్లటి ఒళ్లు, చీలిన తోక, పురుగులే తిండి. గద్ద వచ్చినా కాకి వచ్చినా నెత్తిన పొడిచి తరిమేవాడు. ఆ కాపలాలోనే తన పిల్లలు పెరుగుతున్నాయని కోడిపెట్ట ఏనాడూ గమనించలేదు.

జొన్నకంకులు ఆరబోశారు. పిచ్చుకలు గుంపుగా దిగి తినేస్తుంటే పిల్లలకు తాలే మిగిలింది. కోడిపెట్ట దిగులు చూసి కాకి, పోలిగాడికి దూరంగా గోడ మీద వాలింది. పిట్టలన్నీ దొంగలేననీ, ఒక్కదాన్నీ కళ్లంలో ఉండనివ్వొద్దనీ హితవు చెప్పింది.

"మరి నువ్వో అన్నా?"

"నన్ను పిట్ట అన్నదెవరే చెల్లీ? పెద్దల తిథినాడు కాకీ అని పేరుపెట్టి పిలిచి మరీ పిండం పెడతారు."

కోడిపెట్ట సరాసరి ఎద్దు దగ్గరికెళ్లింది, వీపు మీది పిట్టను వెళ్లగొట్టమని.

ఎద్దు నెమరు ఆపింది. "ఏ పిట్టమ్మా? గింజ తిన్నది పిచ్చుక. వీడు పోలిగాడు. అందరినీ ఒకే గాటన కట్టకు."

"పిట్ట పిట్టే. కందకు లేని దురద కత్తిపీటకెందుకు మామా?"

పోలిగాడు ఆ మాట విన్నాడు. లేచి పొలంగట్టు మీది తుమ్మచెట్టుకు వెళ్లిపోయాడు.

మర్నాడు కోడిపెట్ట పిచ్చుకల వెంటపడి తరుముతోంది. ఇటు కాకి దిగి, కుంటుతూ వెనకబడ్డ చిన్నపిల్లను కరుచుకుని లేచింది. తల్లి అరుపు విని తుమ్మచెట్టు మీంచి పోలిగాడు దూసుకొచ్చాడు. నెత్తిన ఒక్క పోటు. కాకి ముక్కు తెరుచుకుంది. పిల్ల గడ్డివాము మీద మెత్తగా పడింది. కాకి మళ్లీ ఆ కళ్లం వైపు రాలేదు.

ఎద్దు మళ్లీ నెమరు మొదలుపెట్టింది. తననో మాట అంటే బాగుండునని కోడిపెట్టకు అనిపించింది. రెక్క కింద చేరిన పిల్ల అడిగింది, "అమ్మా, నన్ను కాపాడిన పిట్ట ఏది?"

కోడిపెట్ట తల ఎత్తలేకపోయింది. కాలితో మట్టి గీకి, నెమ్మదిగా అంది:

"పిట్ట అనకు నాయనా. పోలిగాడు మావయ్య."

పేరైనా అడక్కుండా జాతికంతా వేసిన నింద, తిరిగొచ్చి మన తలే వంచుతుంది.