తురాయి తోకకు అంటిన పులుపు

అనగనగా ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక వాగు. వాగుకు ఇటు ఒడ్డున ఒక ఇప్పచెట్టు. ఆ చెట్టు తొర్రలో తురాయి అనే ఉడుత కాపురం ఉండేది.

తురాయికి తన తోకంటే ప్రాణం. పొద్దున్నే కొమ్మ చివర కూర్చుని తోకను ఎండలో ఆరబెట్టుకునేది. ఆ వెంట్రుకల్లోంచి వెలుగు జారి వస్తుంటే తోక బంగారు పొగలా మెరిసేది.

"చూడవయ్యా, మబ్బుతునకలా లేదూ?" అని మొగుణ్ణి అడిగేది.

మొగుడి పేరు జీలుగు. నోటినిండా పండు కుక్కుకుని "ఊఁ" అనేవాడు. ఆ ఒక్క "ఊఁ"కే తురాయి రోజంతా మురిసిపోయేది.

ఆ ఏడు వేసవి ఎండ గట్టిగా కాసింది. వడగాలికి పూత రాలిపోయింది. కాయ నిలవలేదు. వాగు ఎండి ఇసుక తేలింది. సరిగ్గా అప్పుడే తురాయి కడుపుతో ఉంది.

"పిల్లలు పుట్టేది వానల్లో," అన్నాడు జీలుగు దిగులుగా. "నువ్వు తొర్ర దాటలేవు. తడి కొమ్మల మీద నాకూ కాలు నిలవదు. తొర్రలో గింజలు లేకపోతే..."

తురాయి ఆ మాట పూర్తి చెయ్యనివ్వలేదు.

"నా పిల్లలు ఆకలికి ఏడవరు. చీమల దగ్గర అప్పు తెస్తాను," అంది.

ఆ అడవిలో గింజలు నిల్వ చేసేది చీమలు. అప్పిచ్చేదీ చీమలే. తురాయి పుట్ట దగ్గరకు వెళ్ళి, కూర్చుని, అడిగింది. ఒక పెద్ద చీమ బయటకు వచ్చింది. ఏమీ మాట్లాడకుండా తురాయి తోక ఎక్కింది. మీసాలతో ఈ చివర నుంచి ఆ చివర దాకా తడిమింది. దిగింది.

"పులుపు," అంది.

"ఏం పులుపు పెద్దమ్మా? ఇవాళే దులుపుకున్నానే!"

"దులిపితే పోయే పులుపు కాదమ్మా. మేం ఎవరికి గింజలిచ్చినా వాళ్ళ ఒంటికి మా వాసన అంటిస్తాం. చెప్పిన రోజుకు తిరిగిస్తే అది తియ్యగా మారుతుంది. ఇవ్వకపోతే పులుస్తుంది. మీకెవరికీ తెలియదు. చీమలకే తెలుస్తుంది."

"నేను మీ దగ్గర ఎప్పుడూ గింజ ముట్టలేదు!"

"మా దగ్గర కాదు. ఇది అటు ఒడ్డు చీమల వాసన."

తురాయికి అప్పుడు గుర్తొచ్చింది.

తన పెళ్ళికి విందు పెట్టాలని అటు ఒడ్డు చీమల దగ్గర దోసెడు కొర్రలు తెచ్చింది. పంట రోజులకల్లా ఇస్తానంది. పెళ్ళయింది. చెవుల నిండా జీలుగు మాటలు నింపుకుని వాగు దాటింది. కొర్రలూ, చీమలూ, ఇచ్చిన మాటా, అన్నీ అటు ఒడ్డునే ఉండిపోయాయి.

"దోసెడేగా పెద్దమ్మా! ఎప్పటిదో!"

"ఎప్పటిదో కాబట్టే పులుపు కాస్త తగ్గింది. కొత్తలో అయితే నిన్ను పుట్ట ఛాయలకే రానిచ్చేవాళ్ళం కాదు. కానీ ఇంకా పోలేదు. నువ్వేమో తొర్రెడు గింజలు అడుగుతున్నావు. ఈ తోకను చూసి అన్ని ఇవ్వలేం తల్లీ."

తురాయి కళ్ళు తుడుచుకుంటూ వస్తుంటే దారిలో పునుగుపిల్లి కనిపించింది. దాని ఒంటి నుంచి ఘుమఘుమ వాసన.

"ఏం కోడలా, ముఖం అలా వాడిపోయింది?" అంది పునుగుపిల్లి. సంగతి విని పకపకా నవ్వింది. "ఇంతేనా! నా పునుగు ఒక్క చుక్క రాశానంటే పులుపు గిలుపు అన్నీ మాయం. నువ్వు దాచుకున్న ఈతపండ్లు తెచ్చి ఇక్కడ పెట్టు, చాలు."

తురాయి ఈతపండ్లన్నీ మోసుకొచ్చి ఇచ్చింది. తోకనిండా పునుగు పూయించుకుంది. గాలి అంతా సువాసన. పెళ్ళికూతురిలా నడుచుకుంటూ పుట్టకు వెళ్ళింది.

పెద్ద చీమ తోక ఎక్కీ ఎక్కకముందే తుమ్మింది. లోపల ఇంకో చీమ తుమ్మింది. పుట్టంతా తుమ్ములే.

"ఏ గుళ్ళోంచి వస్తున్నావమ్మా?" అని ఒక పిల్ల చీమ వెక్కిరించింది.

పెద్ద చీమ మాత్రం నవ్వలేదు. "అడుగున పులుపు అలాగే ఉంది. నిన్న అప్పు ఎగ్గొట్టిన తోక అనుకున్నాం. ఇవాళ దాచాలని చూసిన తోక కూడా అయింది," అంది.

తురాయి తల ఎత్తలేకపోయింది. వాగు ఇసుకలో పొర్లి పొర్లి పునుగు వదిలించుకుంది. అక్కడే దుంపలు తవ్వుకుంటున్న ముసలి ఏదుపంది సంగతి అడిగి తెలుసుకుని, "ఎందుకే ఆ అగచాట్లు?" అంది. "నాకూ వయసులో ఇలాగే అంటింది. ఊరికే కూర్చున్నాను. పాత ముళ్ళు రాలాయి, కొత్తవి వచ్చాయి. పులుపు దానంతటదే పోయింది. నీ బొచ్చూ రాలుతుందిలే, ఆగు."

"అప్పుడు చీమలు గింజలు ఇచ్చాయా తాతా?"

ఏదుపంది తవ్వడం ఆపింది. "ఎక్కడే! ఏ వాసనా లేనివాణ్ణి ఏం చూసి నమ్మాలన్నాయి. చిటికెడు ఇచ్చాయి. ఆ పులుపు పోయేదాకా అన్నేళ్ళూ ఈ దుంపలతోనే బతికాను."

తురాయి తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. లోపల ఏదో మెత్తగా కదిలింది.

"వీళ్ళు అన్నేళ్ళు ఆగరు తాతా," అని లేచింది.

ఆ రోజు నుంచి తురాయి ఎండిన గడ్డిలో గింజలు ఏరడం మొదలుపెట్టింది. ఒక దుబ్బు కింద ఒకటి, ఇంకో దుబ్బు కింద రెండు. ఇసుక కాలుతుంటే ఒక కాలు మార్చి ఒక కాలు వేసేది. తోక దుమ్ము కొట్టుకుపోయింది. ఆరబెట్టుకునే తీరికే లేదు. ఎలాగో దోసెడు గింజలు పోగయ్యాయి.

జీలుగు వాటిని చూసి సంబరపడ్డాడు. "హమ్మయ్య! తొర్రలో దాచేద్దాం."

"ఇవి అటు ఒడ్డుకు పోవాలయ్యా."

"నీకేమైనా పిచ్చా? ఇంట్లో గింజ లేదు. ఉన్న ఈ దోసెడూ ఎప్పటిదో అప్పుకు పోస్తావా?"

"ఈ దోసెడు దాచుకుంటే ఎన్నాళ్ళు తింటాం? ఆ తరవాత? వానల్లో ఏ పుట్టకు వెళ్ళినా ఈ తోకేగా నాతో వచ్చేది!"

జీలుగు ఆ గింజల వంక చూశాడు. ఆనక సగం గింజలు తన బుగ్గల్లో నింపుకున్నాడు. ఇద్దరూ కలిసి ఇసుక దాటారు.

అటు ఒడ్డు పుట్టలో ఒక ముసలి చీమ ఆ గింజలను చూసి తురాయిని గుర్తుపట్టింది.

"విందు బాగా జరిగిందా అమ్మాయ్?" అంది.

తురాయి గింజలన్నీ పుట్ట ముందు పోసింది.

"ఆ ఏడు నీ గింజలు వస్తాయనే లెక్కలో మా కడగొట్టు పిల్లలకు తిండి పక్కన పెట్టుకోలేదు. వాళ్ళు సగం కడుపుతో ఎదిగారు. అదిగో, ఆ చిన్నగా ఉన్నవాళ్ళు."

తురాయి అటు చూసింది. తన పిల్లల ఆకలి గురించి ఇన్నాళ్ళూ ఏడ్చింది. ఇంకొకరి పిల్లల ఆకలి తన తోకలోనే ఉందని ఇప్పుడే తెలిసింది.

"తప్పయింది అవ్వా," అంది.

ముసలి చీమ తోక ఎక్కి మీసాలు రుద్దింది. "తీర్చినట్టు గుర్తు పెట్టాను. కానీ పులుపు ఇవాళే పోదు. ఇక మీద నువ్వెలా నడుస్తావో దాన్ని బట్టి పోతుంది."

ఇటు ఒడ్డు పెద్ద చీమ మళ్ళీ తడిమింది. "పులుపుంది. దాని మీద తీర్చిన గుర్తూ ఉంది. అయితే చిటికెడు ఇస్తాను."

తొర్రెడు అడిగితే చిటికెడు! తురాయికి కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసి చిటికెడు తీసుకుంది. గడ్డిలో ఏరిన గింజలతో చెప్పిన రోజుకు ముందే తిరిగిచ్చింది. ఈసారి పెద్ద చీమ గుప్పెడు ఇచ్చింది. అదీ తిరిగొచ్చింది. ఆ తరవాత దోసెడు. ఒకరోజు పొట్ట బరువుకు తురాయి నడవలేకపోతే జీలుగు తన వీపు మీద గింజల ఆకుమూట మోసుకెళ్ళి మాట నిలబెట్టాడు. తోకలో పాత వెంట్రుకలు ఒక్కొక్కటే రాలుతున్నాయి. వాటి చోట మొలిచే వెంట్రుకలకు కొత్త వాసన అంటుతోంది.

ఆకాశం నల్లబడింది. తొలి ఉరుము ఉరిమింది. తురాయి చివరిసారి పుట్ట దగ్గరకు వచ్చి నిలబడింది. పెద్ద చీమ ఈసారి చాలాసేపు తడిమింది.

"అడుగున ఎక్కడో కొంచెం పులుపుంది," అంది.

పెద్ద చీమ తోక దిగింది.

"కానీ పైనంతా తీపే. పదండర్రా, వాన పడకముందే చేర్చాలి!"

పుట్టలోంచి చీమలు బారులు తీరి కదిలాయి. ఒక్కొక్క చీమ నోట ఒక్కొక్క గింజ. చివరి గింజ తొర్రలో పడేసరికి మొదటి చినుకు ఆకు మీద టప్పున రాలింది.

పిల్లలు వానల్లోనే పుట్టారు. ముగ్గురూ ముగ్గురే, గులాబీ రంగు ముద్దల్లా. బయట హోరున వాన. లోపల వెచ్చగా, కడుపు నిండుగా నిద్ర. జీలుగు ఒక మూలకు చెయ్యి చాపబోతే తురాయి తోకతో అడ్డుకుంది.

"అదేంటే, ఆ మూల గింజలు ఎందుకు ముట్టనివ్వవు?"

"అవి మనవి కావయ్యా. తెరిపి ఇచ్చిన రోజున పుట్టకు వెళ్ళాల్సినవి."

నీతి: తీర్చని అప్పు మనం మరిచినా మనల్ని మరవదు, దాన్ని తీర్చి, ఆపైన ప్రతి మాటా నిలబెట్టుకుంటేనే పోయిన నమ్మకం మెల్లమెల్లగా తిరిగి వస్తుంది.